ఫోటోలో పట్టని గండికోట

ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా కడపలో పర్యాటక కోర్సు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ నుంచి రాసి పెడుతున్నాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మీలో గండికోట చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు, ముగ్గురు... సరే. మీరు వచ్చే ఆదివారం వెళ్ళి రండి, ఎంతో దూరం లేదు. ఇప్పుడు చూసినవాళ్ళని అడుగుతున్నాను. అక్కడికి వెళ్ళకముందు గండికోటను మీరు ఎక్కడ చూశారు? పోస్టర్ మీదో, ఫోన్‌లోనో చూసుంటారు. ఏం కనిపించింది? ఎర్రటి బండలు. రెండు కొండల నడుమ వంపు తిరిగిన పెన్నానది. లోయ అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్న ఒక మనిషి. కింద ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అని పెద్ద అక్షరాలు. అవునా, కాదా?

ఆ మనిషి మనకు వీపు తిప్పి ఉంటాడు. ముఖం కనపడదు. ఎందుకు కనపడదో ఆలోచించారా ఎప్పుడైనా? ముఖం కనపడితే అది అతని అనుభవం అయిపోతుంది. కనపడకపోతే అక్కడ మనల్ని మనం కూర్చోబెట్టుకుంటాం. మన ఆఫీసు టెన్షన్, మన పరీక్షల టెన్షన్ అన్నీ వదిలేసి ఆ అంచున ఒంటరిగా కూర్చున్నట్టు ఊహించుకుంటాం. అంటే ఆ ఫోటో మనకు గండికోట గురించి చెప్పడం లేదు. మనకు ఏం కావాలో, అది గండికోటలో దొరుకుతుందని చెబుతోంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఈ తేడా గురించే.

ముందు కొంచెం చదువు విషయం. 1980లో జేమ్స్ రసెల్, జెరాల్డైన్ ప్రాట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని చేశారు. చోట్లను చూసినప్పుడు మనుషులకు కలిగే భావాలకు ఒక పటం గీశారు. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. అడ్డ గీత కుడి కొసన ఆహ్లాదం, ఎడమ కొసన అయిష్టం. నిలువు గీత పైన కదిలించే చోట్లు, కింద నిద్ర తెప్పించే చోట్లు. ఈ రెండు గీతల మధ్య నాలుగు గదులు వస్తాయి. ఆహ్లాదంగా ఉండి కదిలిస్తే ఉత్సాహం. ఆహ్లాదంగా ఉండి నెమ్మదిగా ఉంటే ప్రశాంతత. ఇష్టం లేకుండా కదిలిస్తే కలవరం. ఇష్టం లేకుండా నెమ్మదిగా ఉంటే దిగులు. తర్వాతి కాలంలో పర్యాటక పరిశోధకులు దీన్నే తీసుకుని దేశాలకూ ఊళ్ళకూ వర్తింపజేశారు. ఏ దేశం పేరు చెబితే ఏ గదిలోకి వస్తుంది అని.

ఇప్పుడు మన దేశపు ప్రకటనలు గుర్తు చేసుకోండి. కేరళ 1989లో ‘దేవుడి సొంత దేశం’ అనే నినాదం పెట్టుకుంది. నీళ్ళు, కొబ్బరిచెట్లు, మెల్లగా కదిలే పడవ. ఏ గది? ప్రశాంతత. 2002లో మొదలైన ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ చూడండి, రంగులు, ఏనుగులు, యోగా, పండగలు. అది ఉత్సాహం గది. 2010లో గుజరాత్ కోసం అమితాబ్ బచ్చన్ వచ్చి ‘కొన్ని రోజులు గుజరాత్‌లో గడపండి’ అన్నారు. అక్కడ పనిచేసింది ఆ చోటు ఒక్కటే కాదు, ఆ గొంతు. ఇంట్లో పెద్దాయన పిలిచినట్టు ఉంటుంది. ఆయన మీద మనకున్న నమ్మకం కచ్ ఎడారి మీదికి వెళ్ళి వాలుతుంది. చాలా నేర్పుగా చేసిన పని అది, తప్పు పట్టడం లేదు నేను. కానీ ఒకటి గమనించండి. పటంలో నాలుగు గదులుంటే మన ప్రకటనలన్నీ కుడివైపు రెండు గదుల్లోనే తిరుగుతున్నాయి. ఎడమవైపు రెండూ ఖాళీ. కలవరం లేదు, దిగులు లేదు, భయం లేదు. మరి చోట్లు అలా ఉంటాయా? ఏ ఊరైనా అలా ఉంటుందా?

గండికోటకే వద్దాం. నాది జమ్మలమడుగు వైపు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన చోటు కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మొదట ఈ గ్రాండ్ కాన్యన్ అనే పేరు సంగతి. అమెరికాలోని అసలు గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్లు. లోతు ఒక మైలుకు పైనే. మన లోయ లోతు దాదాపు 300 అడుగులు. ఎన్నో వంతో లెక్క వేసుకోండి. ఇప్పుడు మన పిల్లలు ఎంతమంది అమెరికాలో ఉన్నారు! సెలవులు దొరికితే అరిజోనా వెళ్ళి దాన్ని చూసి వస్తారు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మానాన్నలతో కలిసి గండికోట వస్తారు. లోయ అంచున నిలబడతారు. వాళ్ళ నోటి నుంచి మొదట వచ్చే మాట ఏంటో తెలుసా? ‘ఇంతేనా?’ నేను విన్నాను ఈ మాట, అక్కడే నిలబడి విన్నాను. నాకు కడుపులో దేవినట్టయింది. ఆ పిల్లల తప్పు ఏముంది? వేరే దాని కొలబద్ద చేతికిచ్చి పంపించాం మనం. ఆ కొలబద్దతో కొలిస్తే చిన్నదిగానే కనపడుతుంది మరి.

ఆ పేరు లేకుండా వెళ్ళి ఉంటే ఏం చూసేవాళ్ళు? కోట గుమ్మం దాటగానే ఊరు కనపడుతుంది. కోట లోపల ఊరు, ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్న ఊరు. ఇళ్ళ ముందు గొడ్లు, ఎండబెట్టిన బట్టలు. కాస్త ముందుకెళ్తే జామియా మసీదు, దాని దగ్గరే పెద్ద ధాన్యాగారం. ఇటు మాధవరాయస్వామి గుడి గోపురం. మసీదు మెట్ల మీద నిలబడితే గోపురం కనపడుతుంది. ఈ దృశ్యం అరిజోనాలో ఎక్కడుంది? పక్కవాళ్ళ పేరు తెచ్చి పెట్టుకున్నాక మన దగ్గర ఉన్నది మనకే కనపడకుండా పోయింది.

అన్నట్టు, ఆ అమెరికా లోయ కూడా మనుషులు లేని చోటేమీ కాదు. హవాసుపాయి అనే మూలవాసులు తరతరాలుగా అక్కడ ఉంటున్నారు. 1919లో దాన్ని జాతీయ పార్కుగా చేశారు. వాళ్ళు పోగొట్టుకున్న భూమిలో కొంత 1975లో గానీ తిరిగి రాలేదు. అందమైన లోయ అని పేరు పడ్డ ప్రతిచోటా ఈ కథ ఉంటుంది. వెతకాలి మనం.

ఇంకో మాట. ఈ కోటను 1123లో కాకరాజు కట్టించాడని చెబుతారు. తర్వాత పెమ్మసాని నాయకులు ఏలారు. వాళ్ళు ఆ లోయను ఎందుకు ఎంచుకున్నారు? సూర్యాస్తమయం బాగుంటుందనా? కాదు కదా! ఆ లోయ చూసి శత్రువు భయపడాలి. అక్కడి నుంచి ఎక్కి రాలేనని వెనక్కి మళ్ళాలి. 1650 ప్రాంతంలో ఈ కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చింది. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆయన్ని కలవడానికి గండికోట వచ్చాడు. అప్పటి కర్ణాటక రాజ్యంలో ఉన్న గట్టి కోటల్లో ఇదొకటి అని రాసుకున్నాడు. కొండ అంచున నిట్టనిలువుగా పడే లోయలు, ఇరుకు దారి, ఎక్కడం ఎంత కష్టమో, ఇదే రాశాడు. ఆయనకు కూడా అది ప్రశాంతమైన చోటు కాదు, జాగ్రత్తగా అడుగు వేయాల్సిన చోటు. అదే లోయ! రాళ్ళు మారలేదు, నది మారలేదు. దాన్ని చూసి ఏమనిపించాలి అన్నది మారింది. ఒకప్పుడు భయపెట్టడానికి పనికొచ్చిన లోయ ఇప్పుడు సేదతీరడానికి పనికొస్తోంది. రెండూ నిజమే. నేను అడిగేది ఒకటే, మొదటిది ఎందుకు చెరిపేశారు?

చెరిపేస్తే నష్టం ఏంటంటారా? ఉంది. ఆ ఫోటోలో మనిషి అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు కదా. వెళ్ళినవాళ్ళందరూ అదే బండ మీద అలాగే కూర్చుంటున్నారు. ఒకరు లేవగానే ఇంకొకరు. చిన్నపిల్లల్ని కూడా కూర్చోబెడతారు. నేను ఒకసారి ఒక తల్లిని ఆపాను, ‘అమ్మా, గాలి ఎక్కువగా ఉంది, బండ నున్నగా ఉంది’ అని. ‘అందరూ కూర్చుంటున్నారు కదండీ’ అంది ఆమె. ఆమె చూసిన ప్రకటనలో ఎక్కడా భయం లేదు. మన ఒంట్లో పుట్టే భయం మనల్ని కాపాడటానికి పుడుతుంది. దాన్ని ఫోటోలోంచి తీసేస్తే మనిషిలోంచి కూడా కొంత తీసేసినట్టే.

పాపికొండలు తలుచుకోండి. గోదావరి, రెండు పక్కల పచ్చటి కొండలు, డెక్ మీద పాటలు. ఎన్ని వీడియోలు చూశాం! 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. వరద మీదున్న గోదావరి అది. ఎన్ని కుటుంబాలు, మన తెలుగువాళ్ళే, తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ సరదాగా వచ్చినవాళ్ళు. ఆ పడవను బయటికి తీయడానికి నెల దాటింది, ధర్మాడి సత్యం గారి బృందం ఎంత కష్టపడిందో టీవీల్లో చూశారు కదా. ఆ ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి, ప్రకటన మీద తోసేయడం న్యాయం కాదు. కానీ ప్రకటనలో గోదావరి ఎప్పుడూ నిండుగా, నెమ్మదిగా ఉంటుంది. వరద గోదావరి ఎలా ఉంటుందో రాజమండ్రి వాళ్ళను అడగండి, చెబుతారు. వాళ్ళు ఆ నదిని ప్రేమిస్తారు, దండం పెడతారు, భయపడతారు కూడా. మూడూ కలిస్తేనే గోదావరి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. కొంచెం శ్రద్ధగా వినండి.

గండికోట లోయకు ఎగువన ఏముంది? జలాశయం. గాలేరు-నగరి పథకంలో కట్టారు, సామర్థ్యం 26.85 టీఎంసీలు. సీమకు ఆ నీళ్ళు ఎంత అవసరమో మీకు చెప్పక్కర్లేదు, మీలో సగం మంది రైతుల పిల్లలే. 2020లో అందులో నీటి మట్టం పెంచారు. కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళొచ్చాయి. మాకు ఇంకొంచెం గడువు ఇవ్వండి అని జనం నిరసన చేశారు. చివరికి ఊరు ఖాళీ అయింది.

ఆ ఊరి నుంచి వచ్చి కాలనీలో ఉంటున్న ఒక పెద్దమ్మతో మాట్లాడాను. మనవడు బలవంతం చేస్తే గండికోట చూడ్డానికి వెళ్ళిందట. మనవడు ఫోటోలు తీసుకుంటుంటే ఈమె నీళ్ళవైపు చూడలేక ఇటు తిరిగి కూర్చుందట. నాతో మాట్లాడుతూ ఆమె ఏం చేసిందో చెబుతాను. ఎడమ అరచెయ్యి చాపి, కుడిచేతి వేలితో దాని మీద గీతలు గీసింది. ఇది మా వీధి. ఇక్కడ మలుపు. ఇక్కడ యాపచెట్టు, దాని కింద అరుగు. దాని ఎదురుగా మా ఇల్లు. ఇక్కడి నుంచి చేనికి దారి. వేలు ఎక్కడా తడబడలేదు. ఊరంతా ఆమె అరచేతిలో ఉంది. నేను అడిగాను, ‘పెద్దమ్మా, మరి ఆ నీళ్ళు రాకుంటే బాగుండేదా?’ అని. ఆమె నన్ను కసిరినట్టు చూసి, ‘నీళ్ళు వద్దని ఎవురంటారు నాయనా? మన సీమకు నీళ్ళు రావాల్సిందే. మేమొక ఊళ్ళో ఉంటిమని ఎవురికైనా తెలియాల గదా!’ అంది.

ఇదీ ఆమె అడిగింది. పరిహారం సంగతి వేరు, దానికి కోర్టులున్నాయి, ఆఫీసులున్నాయి. ఆమె మనల్ని, పర్యాటకం చదివేవాళ్ళని, ప్రకటనలు రాసేవాళ్ళని అడిగింది ఒక్కటే. తెలియాల గదా. మరి మన బ్రోచర్లలో ఒక్క వాక్యం ఉందా? ‘ఎగువన ఉన్న ఈ జలాశయం కోసం కొన్ని ఊళ్ళు ఇళ్ళు వదులుకున్నాయి’ అని ఒక్క వాక్యం? ఈ వాక్యం చదివితే పర్యాటకులు రాకుండా పోతారని భయమా? నేను నమ్మను. మనుషులు బాధపడటానికి కూడా ప్రయాణం చేస్తారు. అండమాన్‌లో సెల్యులార్ జైలుకు ఎందుకు వెళ్తున్నారు? హిరోషిమాకు ఎందుకు వెళ్తున్నారు? సంతోషంగా గడపడానికా?

జలియన్‌వాలాబాగ్ ఉంది. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ సైన్యం కాల్పులు జరిపిన చోటు. లోపలికి వెళ్ళడానికి ఒక ఇరుకు సందు ఉంటుంది. సైనికులు వచ్చింది ఆ సందులోంచే. ఆ ఇరుకు గోడల మధ్య నడిచేటప్పుడే గుండె బిగుసుకునేది. 2021లో బాగుచేసి మళ్ళీ తెరిచినప్పుడు ఆ సందు గోడల నిండా బొమ్మలు చెక్కారు. లైట్లు, శబ్దాల ప్రదర్శన పెట్టారు. చరిత్రకారులూ అమరుల కుటుంబాలూ అభ్యంతరం చెప్పారు. ఎందుకు చెప్పారు? గోడలు శుభ్రంగా ఉండకూడదనా? కాదు. ఆ సందు మనలో పుట్టించే బిగుసుదనం కూడా ఒక వారసత్వమే, దాన్ని కాపాడాలి అని. ఇటుకను కాపాడటం మనకు వచ్చు. ఆ ఇటుక ముందు నిలబడ్డప్పుడు కలిగే భావాన్ని కాపాడటం ఇంకా నేర్చుకోవాలి.

మరీ ఎక్కువ ఆశలు పెడితే ఏమవుతుందో కూడా ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1980లలో పారిస్‌లో పనిచేసిన జపాన్ మానసిక వైద్యుడు హిరోఆకి ఓటా ఒక సంగతి గమనించారు. జపాన్ నుంచి వచ్చిన యాత్రికుల్లో చాలా కొద్దిమంది అక్కడికి రాగానే బాగా కుంగిపోతున్నారు. గుండెదడ, ఆందోళన, ఎవరో తరుముతున్నట్టు భ్రమ. దానికి పారిస్ సిండ్రోమ్ అని పేరు పడింది. భాష రాకపోవడం, అలసట, ఇవన్నీ కారణాలే. వాటితో పాటు, మనసులో ఉన్న పారిస్‌కీ కళ్ళ ముందున్న పారిస్‌కీ మధ్య ఉన్న ఎడం. ఇది అరుదైన విషయం, అందరికీ వస్తుందని భయపడకండి. కానీ మే నెల మధ్యాహ్నం గండికోటకు వచ్చి, పోస్టర్‌లో ఉన్న నీళ్ళూ పచ్చదనం ఏవని వెతుక్కునే కుటుంబం ముఖం చూడండి. కడప ఎండ సంగతి మనకు తెలుసు, చెన్నై నుంచి వచ్చినవాళ్ళకు ఎవరు చెప్పాలి? ఆ ఫోటో ఏ నెలలో తీశారో కింద రాయడానికి ఎంత సిరా అవుతుంది?

ప్రకటనలంటేనే చెడ్డవి అని నేను అంటున్నట్టు అనిపిస్తోందా? లేదు, లేదు. ఒక మంచి ప్రకటన ఊరికి ఎంత మేలు చేస్తుందో కూడా చెప్పాలి. న్యూయార్క్ కథ వినండి. 1975 నాటికి ఆ నగరం దివాలా అంచున ఉంది. పోలీసుల్ని ఉద్యోగాల్లోంచి తీసేస్తుంటే వాళ్ళ సంఘాలు ఏం చేశాయో తెలుసా? ‘భయనగరానికి స్వాగతం’ అని పుర్రె బొమ్మతో కరపత్రాలు వేసి, వచ్చిన యాత్రికులకు పంచడానికి పూనుకున్నాయి. 1977 జులైలో ఒక రాత్రి నగరమంతా కరెంటు పోయింది, దుకాణాలు దోచేశారు. అదే సంవత్సరం రాష్ట్ర ప్రభుత్వం ఒక పర్యాటక ప్రచారం మొదలుపెట్టింది. మిల్టన్ గ్లేజర్ అనే చిత్రకారుడు దానికి ఒక గుర్తు గీసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. ‘ప్రేమిస్తున్నాను’ అనే మాట బదులు ఎర్రటి గుండె బొమ్మ. మీ టీషర్టుల మీద చూసుంటారు, చూడనివాళ్ళు ఉండరు. బయటివాళ్ళ కోసం చేసిన ఆ గుర్తును ఆ ఊరివాళ్ళే తమదిగా చేసుకున్నారు. అది చాలా పెద్ద విషయం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత గ్లేజర్ దాన్ని మళ్ళీ గీశారు. గుండె అంచున కాలిన మచ్చ పెట్టారు. ‘మునుపటి కంటే ఎక్కువగా’ అని మాట కలిపారు. పర్యాటక ప్రచారం కోసం పుట్టిన గుర్తులో కాలిన మచ్చ! ఎడమవైపు గదుల్లోంచి దుఃఖం వచ్చి ఆ గుర్తులో కూర్చుంది. ఎవరైనా ఆ ఊరికి వెళ్ళడం మానేశారా? ఆ ఊరివాళ్ళు ఆ బొమ్మను గుండెలకు హత్తుకున్నారు.

మనకూ ఇది చేతనవుతుంది. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం నుంచి దాదాపు 78 కోట్లు మంజూరయ్యాయి. కొత్త బోర్డులు వస్తాయి, కొత్త వీడియోలు వస్తాయి. ఎవరో ఒకరు వాటికి మాటలు రాయాలి. మీలోనే ఒకరు రాయవచ్చు, ఎందుకు రాయకూడదు? రాసేటప్పుడు ఆ ప్రకటనను విడుదలకు ముందు కోట లోపలి ఊరివాళ్ళకు చూపించమని అడగండి. రచ్చబండ దగ్గర ఒక తెర కట్టి చూపించడానికి ఒక సాయంత్రం చాలు. వాళ్ళు ‘ఇది మా ఊరే’ అనాలి. వాళ్ళు ముఖముఖాలు చూసుకుంటే మళ్ళీ రాయాలి.

సమయం అయిపోతోందని మీ మేడమ్ గారు గడియారం చూపిస్తున్నారు. అందుకని మీకు ఒక పని చెప్పి ఆపేస్తాను. మీరు ఈ సెమిస్టర్‌లో ఎలాగూ ఒక బ్రోచర్ తయారు చేయాలట కదా. మీ సొంత ఊరి మీద చేయండి. ప్రొద్దుటూరో, వేంపల్లో, మైదుకూరో, ఏదైనా సరే. అందులో మీ ఊరిని చూస్తే సంతోషం కలిగే చోటు ఒకటి, భయం కలిగే చోటు ఒకటి, బాధ కలిగే చోటు ఒకటి ఉండాలి. మూడింటికీ ఫోటో పెట్టండి, తీసిన నెల కింద రాయండి. రాసింది మీ వీధిలో ఎవరైనా పెద్దవాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళు ఏం మార్చమన్నారో అది కూడా జతచేయండి. వేరే ఏ దేశపు ఊరి పేరూ వాడకూడదు. మేడమ్ గారు ఒప్పుకుంటే నవంబరులో నేను మళ్ళీ వచ్చి అన్నీ చదువుతాను. గండికోట మీద రాసినవాళ్ళు ఉంటే వాటిని తీసుకుని మనందరం ఆ ఊళ్ళోకే వెళదాం, అక్కడివాళ్ళకు చదివి వినిపిద్దాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఆ కిటికీ పక్కన ఉన్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తుతోంది, మైకు ముందు ఆమెకివ్వండి.